ఆదర్శ భర్తకు సన్మానం

చెరకు తోట గట్టు మీద ఆమె కొంగుముడి విప్పి పేపరు ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. ఫొటోలో ఆమె మొగుడు శాలువా కప్పుకుని నిలబడ్డాడు. కింద వార్త నేను రాసిందే. ఆమె ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"ఇది మీరే ఏసినారంట. తప్పని మళ్ళీ ఏయండి బాబూ. నేను సెప్తే ఎవులూ నమ్మట్నేదు."

వాళ్ళు విజయనగరం వైపు నుంచి ఉయ్యూరు పక్కకి కోతకొచ్చినవాళ్ళు. మేస్త్రీ మనుషుల్ని కాదు, జంటల్ని మాట్లాడుకుంటాడు. మొగుడు నరికితే పెళ్ళాం ఆకు దులిపి మోపు కడుతుంది. ఒంటరి ఆడదానికి కోతలో చోటు లేదు.

విజయవాడ సంస్థ ఒకటి ఆదివారాలు అక్కడి చర్చి వరండాలో వాళ్ళకు సమావేశాలు పెట్టింది. ఇంటిపని ఎవరిది, కోపమొస్తే పెళ్ళాం మీదికే చెయ్యెందుకు లేస్తుంది అని మాట్లాడించేవారు. నడిపే అమ్మాయి మంచిదే. తాము బియ్యం కడిగితే ఆడోళ్ళు మోపులు మోస్తారా అని ఒక పెద్దాయన ఎగతాళి చేస్తే, ఇప్పుడు మోస్తోంది ఎవరని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

మూడో ఆదివారం ఈమె మొగుడు లేచి, ఇకమీదట పెళ్ళాం మీద చెయ్యి వెయ్యనన్నాడు. చప్పట్లు కొట్టారు. నాలుగు మంచిమాటలు చెప్పినవాడికి శాలువా కప్పకపోతే మన దగ్గర సభ ముగిసినట్టు కాదు. మరుసటి ఆదివారానికి విజయవాడ వన్ టౌన్ నుంచి శాలువా వచ్చింది. కొట్టడం మానాడా అని ఆమెనెవరూ అడగలేదు. ఏ వార్తకైనా రెండోవాళ్ళ మాట తీసుకోవాలని కుర్ర విలేకరులకు చెప్పే నేనూ అడగలేదు. ఫొటో బాగా వచ్చింది, అంతే.

ఆమె దెబ్బలు తిని మేస్త్రీ దగ్గరికెళితే, "పేపర్లో పడ్డవాడమ్మా, ఊరికే ఎందుకు కొడతాడు? నువ్వేమన్నావో చెప్పు ముందు," అన్నాడట. సంస్థ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. మార్పు నిదానంగా వస్తుందండీ అంది. ఆఫీసులో డెస్కువాళ్ళు, కేసు కాగితం లేకుండా సవరణ ఎలా వేస్తామన్నారు.

ఆ మాటే ఆమెకు చెప్పాను. స్టేషన్‌కు తోడొస్తానన్నాను.

"కేసెట్టీసి, రేపు ఎవుడితో కోతకెల్లాల బాబూ?"

మోపు కట్టడానికి వెళ్ళిపోయింది. సవరణ పడలేదు.

మరుసటి ఏడాది కోతకు అతను మళ్ళీ వచ్చాడు, ఇంకో ఆడమనిషితో. మేస్త్రీ ఆ జంటనీ పనిలో పెట్టుకున్నాడు. మొదటి ఆమె ఏదని అడిగితే పుట్టింట్లో ఉందన్నాడు. ఆమె పుట్టినూరి వాళ్ళు రెండు గుడారాల అవతలే ఉన్నారు. వాళ్ళనడిగాను. తమ ఊరికి రాలేదన్నారు.