పశువుల డాక్టరు ఇచ్చిన నడవడిక పత్రం

మొన్న ఆదివారం పొద్దున్న మా అన్నయ్య కూతురు మా యాప్రాల్ ఫ్లాటులో భోజనాల బల్ల ముందు కూర్చుని, ఒక చేత్తో పెసరట్టు తుంచుకుంటూ రెండో చేత్తో సెల్‌ఫోనులో తన బీఈడీ అడ్మిషన్ కాగితాలు ఎక్కిస్తోంది. పదో తరగతి మార్కుల నుంచి డిగ్రీ దాకా అన్నీ ఎక్కించాక, చివర్లో తన నడవడిక మంచిదని అభ్యర్థే ప్రకటించుకునే ఒక వాక్యమూ, దాని పక్కన చిన్న గడీ వచ్చాయి. అది ఆ గడిలో వేలితో ఒక్క టిక్కు పెట్టేసి, "అయిపోయిందత్తా, ఇంకొంచెం చట్నీ వెయ్యి" అంది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంతేనా? ఈ ఒక్క ముక్క కోసమేనా నేను ఆ రోజుల్లో నాలుగు రోజులు అన్నం సహించక, కుక్కర్‌లో నీళ్లు పొయ్యడం కూడా మరిచిపోయి తిరిగింది? నవ్వొచ్చింది, వెంటనే కాస్త కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియలేదు.

మాది శ్రీకాకుళం వైపు. అక్కడే లెక్కలతో బీఎస్సీ చదివి, పెళ్లి చేసుకుని, మా ఆయన ఉద్యోగం వెంట సికింద్రాబాదు వచ్చి మెట్టుగూడలో రెండు గదుల వాటాలో అద్దెకు దిగాను. ఆయన రోజూ పొద్దున్నే ఏ.ఎస్. రావు నగర్ పక్కనున్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో వెళ్లేవారు. పిల్లలు ఒక దారిన పడి నాకు కాస్త ఊపిరాడేసరికి ముప్పై నాలుగేళ్లు వచ్చేశాయి. సరిగ్గా అప్పుడే ఊరికి కంప్యూటర్ పూనకం పట్టింది. ఏ గోడ చూసినా కోచింగు పోస్టర్లు, ఏ సందు చూసినా పైనొక ఇన్‌స్టిట్యూటు, రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయట, వాటిని బాగుచెయ్యడానికి మనవాళ్లనే పిలుస్తారట, అదీ ఇదీ. మా మరిది ఆ పూనకంలో నిండా మునిగినవాడు. ఇంటికొచ్చినప్పుడల్లా, "ఈ రోజుల్లో బీఈడీ ఎవరు సేస్తారు వదినా? ఏటొస్తాది దాన్తోటి? కంప్యూటర్ నేర్సుకోండి" అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. నాకేమో చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక, సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడాలని. టీచరు పోస్టులకు వయోపరిమితి తరుముకొస్తోంది, ఈ ఏడు సీటు పోతే ఇక ఆ మాట మరిచిపోవాల్సిందే.

ఎంట్రన్సు రాశాను, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగుకు రమ్మని కార్డు కూడా వచ్చింది. ఆ ఆనందం సరిగ్గా కార్డు వెనక్కి తిప్పేవరకే. వెనకాల తేవలసిన పత్రాల జాబితాలో చిట్టచివర, డిగ్రీ తర్వాత చదువులో విరామం ఉన్న అభ్యర్థులు గత మూడేళ్లుగా తమను స్వయంగా ఎరిగిన గెజిటెడ్ అధికారి సంతకంతో నడవడిక పత్రం తేవాలని ఉంది. నా విరామం అక్షరాలా పన్నెండేళ్లు. కౌన్సెలింగు నాలుగు రోజుల్లో ఉంది. మన వయసువాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజుల్లో గెజిటెడ్ సంతకమంటే దేవుడి దర్శనమే, పైగా ఆకుపచ్చ సిరాలో ఉండాలని అందరి నమ్మకం.

మా ఆయన ఫ్యాక్టరీలో ఆఫీసర్లకు కొదవ లేదు, కానీ కంపెనీ ఆఫీసర్లు గెజిటెడ్ కిందికి రారట. ఆ సంగతి ఆయన చల్లగా సాయంత్రం వచ్చి చెప్పారు. మర్నాడు రైల్వే ఆఫీసుకు వెళ్తే బంట్రోతు గడప దాటనివ్వలేదు, సారు లైను మీదికి వెళ్లారన్నాడు, ఎప్పుడొస్తారంటే చెయ్యి గాల్లో తిప్పాడు. ఆ మర్నాడు ఇంకో ఆఫీసులో ఒక పెద్దమనిషి కళ్లజోడులోంచి నన్ను ఎగాదిగా చూసి, ముక్కూమొహం తెలియని ఆడమనిషి నడవడికకు నేనెలా పూచీపడతానమ్మా అన్నాడు. ఆయనన్నదాంట్లో తప్పేముంది? ఇంటికి నడుచుకుంటూ వస్తూ లెక్కేసుకున్నాను. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, కూరలవాడికి తెలుసు, పాలావిడకు తెలుసు, కానీ కాగితం మీద నన్నెరిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ దిగులు సీటు పోతుందన్న దిగులు కంటే పెద్దదైపోయింది.

కింది వాటాలో మా ఇంటి ఓనరు ఉండేది, నేను అక్కా అని పిలిచేదాన్ని. తరతరాలుగా ఆ ఊరివాళ్లే. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. నేను మెట్ల మీద కూలబడి ఉంటే చూసి దగ్గరికొచ్చింది. "ఏందమ్మా, గిట్ల పరేషానైతున్నవ్? గెజిటెడ్ సారే గదా గావాల్సింది? యాప్రాల్‌ల మా తమ్ముని బర్రెలకు సూదులేసే డాక్టర్ సాబ్ సుత గెజిటెడే. రేపు పొద్దుగాల్నే పోదాం పా" అంది. నాకు అనుమానంగానే ఉంది, కానీ మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే చాలు కదా.

అప్పట్లో యాప్రాల్ అంటే ఇప్పటిలా ఫ్లాట్లూ లిఫ్టులూ కాదు, మట్టిరోడ్డు, తుమ్మచెట్లు, అక్కడక్కడా పాకలు. పశువుల ఆసుపత్రి ముందు మా కంటే ముందు నాలుగు బర్రెలు, కుంటుతున్న ఒక మేక, గంపకింద కోళ్లు వరసలో ఉన్నాయి. నా ఫైలు గుండెలకు హత్తుకుని ఆ వరసలో నేనూ నిలబడ్డాను. డాక్టరుగారు ఒక బర్రె పుండుకు ఊదారంగు మందు పూసి, చేతులు సగం సగం కడుక్కుని, అక్క చెప్పింది విని, నేను టైపు చేయించి తెచ్చిన కాగితం తీసుకున్నారు. ఈమెను నేను మూడేళ్లుగా స్వయంగా ఎరుగుదును, ఈమె నడవడిక ఉత్తమమైనది అని అందులో ఉంది. ఆయన దాన్ని చదివి, నా మొహంలోకి ఒకసారి చూసి, "మంచిదానివేనా అమ్మా?" అని అడిగారు. నేను తలూపాను. ఆకుపచ్చ సిరాతో సంతకం, కింద గుండ్రటి ముద్ర పడ్డాయి. కాగితం మూలన ఆయన వేలి ఊదారంగు మచ్చ కూడా పడింది. ఆ మచ్చ చూసి నా ప్రాణం ఉసూరుమంది, కానీ ఇంకో కాగితం టైపు చేయించే వ్యవధి ఎక్కడిది?

కౌన్సెలింగు సికింద్రాబాదులోనే ఒక పాత కాలేజీ హాల్లో జరిగింది. మా ఆయనకు సెలవు దొరకలేదు, తోడుగా అక్క వచ్చి, నువ్వుపో నేనీడనే కూసుంట అని బయట వరండాలో టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంది. లోపల నా చుట్టూ ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు, పక్కన వాళ్ల నాన్నలు, సీటు కోసం వచ్చినవాళ్లలో నేనే పెద్దదాన్ని. నా వంతు వచ్చింది. బల్ల అవతల మెడదాకా రవిక వేసుకుని, నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ, ప్రొఫెసరమ్మట, నా కాగితాలు ఒక్కొక్కటీ తిప్పుతూ వచ్చి ఊదారంగు మచ్చ దగ్గర ఆగింది. ముద్ర చదివింది. మూడేళ్లుగా పశువుల డాక్టరుగారు మీకెలా తెలుసని మెల్లగా అడిగింది.

ఏం చెప్పను! ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే సరిపోయేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కదా మనం. మాకు గేదె ఉందండి అనేశాను. ఆవిడ నా దరఖాస్తులో చిరునామా వంక చూసింది.

"మెట్టుగూడలో, మేడ మీద వాటాలో గేదెనా? ఎన్ని లీటర్లిస్తుంది?"

పది, అన్నాను.

"పూటకా, రోజుకా?"

అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. నడవడిక పత్రం ముందు పెట్టుకుని నిలబడి అబద్ధమాడాను. అదీ పిల్లలకు మంచీ చెడూ నేర్పడానికి వచ్చిన మనిషిని. సిగ్గుతో ఏడుపొచ్చింది, వెనకున్న పిల్లలు వింటున్నారన్న ధ్యాస కూడా పోయింది. మాకు గేదె లేదండి, ఆ డాక్టరుగారు నన్ను చూసింది ఐదు నిమిషాలేనండి, ఈ ఊళ్లో నన్నెరిగిన గెజిటెడ్ ఆఫీసరు ఎవరూ లేరండి, ఈ ఏడు కాకపోతే నాకు వయసు దాటిపోతుందండి అని గబగబా అంతా కక్కేశాను.

ఆవిడ కోప్పడలేదు. అందుకే నాకింకా భయమేసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, రూలు ప్రకారం ఈ పత్రంలో లోపమేమీ లేదనీ, సంతకమూ ముద్రా సరిగ్గానే ఉన్నాయనీ, తాను కేవలం మచ్చ చూసి అడిగాననీ అంది. లేని గేదెను నేనే తోలుకొచ్చి హాల్లో కట్టేసుకున్నానన్నమాట. ఆ తర్వాత, ఇప్పుడు మాత్రం నేను ఊరికే ముద్ర వేసి పంపలేను, మిమ్మల్ని నిజంగా ఎరిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని అడిగింది. బయట వరండాలో ఉందండి, కానీ ఆవిడ గెజిటెడ్ కాదండి, అన్నాను. పిలవమంది.

అక్క కొంగు భుజాల నిండా కప్పుకుని, టిఫిను డబ్బా చంకన పెట్టుకునే లోపలికొచ్చింది. ప్రొఫెసరమ్మ విషయం చెప్పి, ఈమెను మీరెన్నాళ్లుగా ఎరుగుదురని అడిగితే, అక్క ముందు నా ఏడుపు మొహం చూసింది, తర్వాత ఆవిడ వంక తిరిగింది.

"మూడేండ్లు గాదు మేడం, పదకొండేండ్ల సంది సూస్తున్న. నా బిడ్డ లెక్కలల్ల రెండుసార్లు ఫేలైతే దగ్గర కూసోవెట్టుకొని పాస్ చేయించింది. బర్రెల డాక్టర్ తాన్కి నేనే తోల్కపోయిన, తప్పు నాది. రాసియ్యమంటే రాసిస్త, జెర మెల్లగ రాస్త, అంతే."

ప్రొఫెసరమ్మ ఒక తెల్లకాగితమూ పెన్నూ ముందుకు జరిపింది. నన్ను దూరంగా వెళ్లి కూర్చోమంది. అక్క బల్ల మీదికి వంగి, నాలుక పంటికింద పెట్టుకుని, ఒక్కో అక్షరం చెక్కినట్టు రాస్తోంది. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. అది పావుగంటో ఎంతో, నాకు మాత్రం తొమ్మిది నెలలూ మళ్లీ మోసినట్టుంది. ప్రొఫెసరమ్మ ఆ కాగితం చదివింది, నా వైపు ఒకసారి చూసింది, డాక్టరుగారి పత్రం వెనకాల దాన్ని గుండుసూదితో గుచ్చి, నా ఫారం మీద ముద్ర కొట్టింది. ఏం రాశావక్కా అని బస్సులో ఎన్నిసార్లడిగినా, నిజమే రాసిన తియ్యి, అని కిటికీలోంచి బయటికి చూసింది.

కాలేజీలో చేరిన రోజున మళ్లీ అదే తంతు. నూలు చీర కడతాననీ, కొంగుకు పిన్ను పెడతాననీ, ప్రాక్టీసు స్కూల్లో వేళ తప్పననీ హామీపత్రం రాసిస్తే, గార్డియన్ సంతకం కావాలన్నారు. ముప్పై నాలుగేళ్ల దానికి మా ఆయన గార్డియనుగా సంతకం పెట్టి, ఇంటికొచ్చి వారం రోజులు మీసం మెలేశారు. కోర్సు అయ్యాక ఒరిజినల్స్ తిరిగిచ్చినప్పుడు ఆ రెండు కాగితాలూ గుండుసూదితో సహా వచ్చాయి. అక్క రాసింది అప్పుడు చదివాను. అప్పుడే కాదు, ఆ తర్వాత నేను టీచరునయ్యాక కూడా, పిల్లల మీద గొంతు లేచిన రోజున ఇంటికొచ్చి దాన్ని తీసి చదువుకునేదాన్ని.

చివరి ఏళ్లలో హెడ్‌మిస్ట్రెసునయ్యాను, అంటే నేనూ గెజిటెడ్ అయ్యాను. ఆకుపచ్చ పెన్ను కొనుక్కున్నాను. నడవడిక పత్రం కోసం ఎవరొచ్చినా కుర్చీ వేసి, ఊరేది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం చదువుతావని కూర్చోబెట్టి మాట్లాడందే సంతకం పెట్టేదాన్ని కాదు. ఈవిడతో తలనొప్పి అని కొందరు వేరే ఆఫీసులకు పోయేవారు, పోనీ. తర్వాత ఎవరి కాగితాలకు వాళ్లే సంతకం పెట్టుకోవచ్చన్నారు, జనానికి తిప్పలు తప్పాయి, మంచిదే. నా బల్ల ముందు కుర్చీ ఖాళీ అయింది, పెన్నులో సిరా ఎండిపోయింది.

ఆ ఆదివారం మేనకోడలికి ఇదంతా చెప్పి, బీరువా అడుగునుంచి ఆ కాగితాలు తీసి చూపించాను. ఆకుపచ్చ సంతకం వెలిసిపోయింది, ఊదా మచ్చ మాత్రం అలాగే ఉంది. వెనక కాగితంలో అక్క వంకర అక్షరాలు. "ఈమె నాకు తెల్సు. మంచిది. కోపం జెర ఎక్వ. కాని అబద్దం చెప్తె మొకంల తెల్సిపోతది. పిల్లల్ని ఈమె చేతుల పెట్టొచ్చు." అది పడీపడీ నవ్వింది, మళ్లీ చదివి నవ్వు ఆపింది. తర్వాత తన సెల్‌ఫోను వంక చూసుకుని, "అత్తా, నా గురించి ఇట్లా ఎవరు రాస్తారు? పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో కూడా నాకు తెలీదు" అంది.

అక్క పోయి ఆరేళ్లయింది. వాళ్ల తమ్ముడి బర్రెల కొట్టం ఉన్న చోటికి రెండు వీధుల అవతలే మా అపార్టుమెంటు. నేను కళ్లజోడు పెట్టుకుని, తెల్లకాగితం తీసి, నీ గురించి నేను రాస్తాను, కూర్చో అన్నాను. అది కూర్చుంది. రాయడం పూర్తయ్యాక సెల్‌ఫోనుతో ఫొటో తీసి, ఎక్కడ ఎక్కించాలా అని చాలాసేపు పైకీ కిందికీ జరిపి చూసింది. దానికి ఎక్కడా గడి లేదు.