నోరు వాసన చూడమన్నాను

మొదట ఇది రాయి బిడ్డా: మీ నాన్న తాగడు. మిగతాది తర్వాత చెబుతాను.

నా కొడుక్కు, అదే మీ నాన్నకు, చిన్నప్పటి నుంచే ఫిట్స్. అందుకే మగ్గాల దగ్గరికి పోనివ్వలేదు. గుజరాత్ వచ్చాక ఇక్కడ ఖటోదరాలో ఒక కార్ఖానాలో బట్ట మడతపెట్టే పని చేసేవాడు. రోజూ గోళీ మింగేవాడు. దాని పేరు నాకు నోరు తిరగదు, చీటీ చూసి నువ్వే రాయి: ఫెనిటాయిన్. మెదడులో నరాలు ఒక్కసారిగా ఎగబడితే ఫిట్స్ వస్తుందట, ఈ గోళీ వాటిని అణిచి ఉంచుతుందట. దాంతో చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి వచ్చాయి. అయినా ఓర్చుకున్నాం.

కరోనా రెండో ఏడు, దిగులుతో నిద్ర లేక మళ్లీ ఫిట్స్ వచ్చింది. ఆస్పత్రి నిండా కరోనా వాళ్లే. డాక్టరు ఫోన్‌లోనే గోళీ కొంచెం పెంచాడు. కొన్ని వారాలకు మీ నాన్న నడక మారింది. గోడ పట్టుకుని నడిచేవాడు. మాట ముద్దముద్దగా వచ్చేది. అన్నం నోటికి పోకుండా చెంపకు తగిలేది. ఒకరోజు పనికి పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు. వెనకాలే కార్ఖానా మేస్త్రీ. మన కరీంనగర్ వైపు వాడే. వచ్చి గడపకు దూరంగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నీ కొడుకు పొద్దుగాల్నే తాగొచ్చిండు. సేఠ్ చూసిండు. ఇగ రావద్దన్నడు."

"ఎవ్వడు తాగింది? ఇటు రా, వాని నోరు వాసన చూడు."

"కరోనాల నోరు వాసన ఎవ్వలు చూస్తరు పెద్దమ్మా? జర బుద్ధి చెప్పు. మన ఊర్ల అయితే నడుస్తది గని, గుజరాత్‌ల తాగి దొరికితే జైలే."

"ముక్కుకు గుడ్డ కట్టుకొని గంత దూరం నిలబడ్డవ్. నీకెట్ల వాసనొచ్చింది?"

మాస్కు ఇంకాస్త పైకి లాక్కుని వెళ్లిపోయాడు. గల్లీ అంతా విన్నది.

ఆ మాట మీ నాన్నకు ఎంత తగిలిందంటే, గోళీలన్నీ తీసి అటక మీద పడేశాడు.

"ఇగ మింగనమ్మా, గోళీ పెంచినంకనే నడక గిట్లయింది. ఫిట్స్ వస్తే రానీ. తాగుబోతు అనిపించుకోను."

"ఒక్కసారే ఆపితే ఆగకుండ వస్తయ్, పానం మీదికొస్తదని డాక్టరు చెప్పిండు కదరా. వాళ్ల నోర్లకు భయపడి నువ్వు సస్తవా?"

అప్పటికప్పుడు డాక్టరుకు వీడియో కాల్ చేయించాను. ఫోన్ మీ అమ్మ పట్టుకుంది. డాక్టరు తన వేలు కదిలిస్తూ దాన్నే చూడమన్నాడు. మీ నాన్న కళ్లు నిలవకుండా అదిరాయి. నేను పట్టుకోకపోతే నాలుగడుగులు వేయలేకపోయాడు. తాగాడా అని డాక్టరు అడగలేదు. రక్త పరీక్ష చేయించమన్నాడు. గోళీ రక్తంలో ఎక్కువైపోయిందని తేలింది. మన ఒళ్లు దీన్ని ఒక హద్దు వరకే ఖర్చు చేయగలదట. ఆ పైన కొంచెం పెంచినా బోలెడంత పేరుకుంటుందట.

"ఆ ముక్క పెంచిన రోజే చెప్తే ఏం పోయింది సార్?" అన్నాను.

"అప్పుడే పరీక్ష చేయించాల్సింది, నాదే పొరపాటు" అన్నాడు. తప్పు ఒప్పుకున్నది ఆయనొక్కడే. ఆయన తగ్గించి చెప్పినట్టే ఇచ్చాం. నడక మెల్లగా కుదిరింది.

రిపోర్టు పట్టుకుని మేస్త్రీ దగ్గరికి పోయాను. దాన్ని చేత్తో కూడా ముట్టలేదు.

"గదంత ఎందుకు పెద్దమ్మా. సేఠ్ రమ్మన్నడు. మానేసిండు గదా, గంతే చాలు."

"ఏం మానేసిండురా?"

పని మళ్లీ దొరికింది కదా, ఇంకేం కావాలి అన్నారు అందరూ. ఎదురింటామె అయితే ఇంటికే వచ్చింది.

"మంచిగ మాన్పించినవక్కా. ఎట్ల మాన్పించినవ్, నాకు జర చెప్పరాదు?"

కూర్చోబెట్టి ఫిట్స్ నుంచి రక్త పరీక్ష దాకా అంతా చెప్పాను. తలాడిస్తూ విన్నది. చివరికి గొంతు తగ్గించి అడిగింది:

"ఆ గోళీ పేరేందక్కా? మా తాగుబోతాయనకు గూడ అన్నంల కలిపి పెడ్త."

పేరు చెప్పలేదు. లేచి తలుపు తీసి పట్టుకున్నాను, ఆమె పోయేదాకా.

నేను మొదట రాయమన్నది రాశావా? ఏదీ, చదువు.