నజీబా తుడిచిన కొక్కెం

ముప్పై ఒక్క ఏళ్లు మా గణితశాఖలో ఎవరి పరిశోధన అయినా నజీబా త్రీకీ వేళ్ల మీదుగానే బయటికి వచ్చింది. ఆవిడకి లెక్కలు రావు. కానీ ఏ గుర్తు ఎక్కడ కూర్చోవాలో, దాని చుట్టూ ఎంత ఖాళీ వదలాలో ఆవిడకి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. మా స్ఫాక్స్ ఊరి ఎండలకి ఉడికిపోయే గదిలో, హరీసా కారం పూసిన రొట్టెముక్క పక్కన పెట్టుకుని లెక్కల గుర్తులు అచ్చుకి పేర్చే లేటెక్ ప్రోగ్రాంలో టైపు చేసేది. కాగితం మీద ఒక్క మరక ఉన్నా ఊరుకునేది కాదు. ఆ శుభ్రం పిచ్చి చూసి మేం నవ్వుకునేవాళ్లం.

రిటైరయ్యే ఏడాది వేసవిలో ఆవిడ నెత్తిన నేనొక పని పెట్టాను. మా గురువు సాదొక్ గర్గూరీ పోయి అప్పటికి ఇరవై మూడేళ్లు. మర్యాదగా సీ సాదొక్ అనేవాళ్లం. ఆయన వ్యాసాలన్నీ ఒక పుస్తకంగా తేవాలనుకున్నాం. అన్నీ అంటే, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి తొంభై మూడులో మా శాఖ పత్రికలో వచ్చింది. దాని వెనక పదేళ్ల కష్టం ఉంది. మూడు నెలలకి ఎవరో పరదేశపు పాఠకుడు ఆ సిద్ధాంతం తప్పంటూ, ఉదాహరణతో సహా నాలుగు ముక్కల ఉత్తరం రాశాడు. సీ సాదొక్ వాదించలేదు. తప్పు నాదేనని పత్రికకి రాసి ఊరుకున్నాడు. రావలసిన ప్రొఫెసరు పదవి రాలేదు. ఆ తర్వాత కలం పట్టలేదు, మూడేళ్లకి పోయాడు. అప్పట్లో మేం విద్యార్థులం. కాఫీ తాగుతూ ఆ సిద్ధాంతం మీద జోకులు వేసుకున్నాం. అందులో నావే ఎక్కువ. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"అదీ వెయ్యాలి" అంది నజీబా.

"ఆయన పరువు తియ్యడానికా?"

"మీరంతా తీసింది చాల్లెండి, సీ మురాద్. ఆ కాగితాలు ఇటివ్వండి."

ఆ వ్యాసంలో సీ సాదొక్ సొంతంగా కల్పించిన రెండు బాణం గుర్తులున్నాయి. అవి ఏ ఫాంటులోనూ లేవు. ఆయన చేత్తో గీసిస్తే, నజీబా గళ్లకాగితం మీద ఒక్కో గడి నల్లగా నింపి, ఆ గళ్ల ప్రకారం చుక్కలతో ఫాంటు కట్టింది. ఆనాటి ప్రింటరుకి సరిపడా అంగుళానికి మూడు వందల చుక్కలు. ఇప్పటి యంత్రం ఆరు వందలు అడుగుతుంది. లేదా మూలం ఇవ్వు, నేనే కట్టుకుంటానంటుంది. మూలం గళ్లకాగితమాయె, అదెప్పుడో పోయింది. దాంతో బాణాలుండాల్సిన చోటల్లా ఖాళీలొచ్చాయి. పాత ఫ్లాపీలోంచి ఫాంటు బయటికి లాగి, ఉన్న మూడు వందలతోనే సర్దుకొమ్మని యంత్రాన్ని ఒప్పించడానికి ఆవిడకి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు బాణాలు గరుకు అంచులతో, అచ్చం అప్పటిలాగే వచ్చాయి.

ఆ మధ్యాహ్నం, వేసవి వేళల ప్రకారం ఆఫీసు మూసే సమయానికి వెళ్లేసరికి, నజీబా కంప్యూటరు ముందు కదలకుండా కూర్చుని ఉంది. ఫాంటుని విప్పి, రెండు బాణాలనీ చుక్క చుక్కగా పక్కపక్కన పరిచింది. ఒడిలో సీ సాదొక్ చేతిప్రతి. అది ఆయన భార్య ఇచ్చింది.

"ఈ రెండిట్లో తేడా ఏమైనా కనిపిస్తోందా?"

"లేదు. రెండూ ఒకటే."

"మరి ఇక్కడ?"

చేతిప్రతిలో ఒక బాణానికి తోక చివర చిన్న కొక్కెం ఉంది, రెండోదానికి లేదు. ఆ కొక్కెం పెట్టుకుని సిద్ధాంతం మొదట్నుంచి చదివాను. పరదేశపు వాడి ఉదాహరణ దానికి వర్తించనే వర్తించదు. మా గురువు తప్పు చెయ్యలేదు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ కొక్కెమంటే ఫాంటులో మూడు చుక్కలు" అంది నజీబా. "పెన్సిలు జారి ఎక్కువ గళ్లు నింపాననుకున్నాను. ఆయన ప్రూఫు చూసి సంతకం పెట్టాక తుడిచేశాను. సెలవులొచ్చాయి, మళ్లీ చూపించలేదు."

"ఒకే బాణం రెండుసార్లు ఎందుకు గీశాడని అడగొద్దూ?"

"మీ లెక్కల్లో వేలు పెట్టొద్దని నాకు నేర్పింది మీ శాఖ వాళ్లేగా."

మర్నాడు ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. ఆయన భార్య ఫాఖ్రియాని గౌరవంగా లల్లా అనేవాళ్లం. ఆవిడ బాదం పలుకులు వేసి టీ తెచ్చింది. నజీబా కూర్చోలేదు. జరిగిందంతా నిలబడే చెప్పింది.

"తెలుసు" అంది లల్లా ఫాఖ్రియా. "ఆ ఉత్తరం వచ్చిన రోజే కనిపెట్టాడు. నీది అప్పుడు ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. మీ శాఖ పెద్దాయన నిన్ను పంపించెయ్యడానికి సాకు వెతుకుతున్నాడుట. 'నిజం చెబితే ఆ పిల్లని తీసేస్తారు ఫాఖ్రియా, నా ఉద్యోగం ఎక్కడికీ పోదుగా' అన్నాడు. అనేసి చేపల కుస్కుసు మారు వడ్డించుకుని తిన్నాడు."

"నన్ను క్షమించు, లల్లా."

"ఏటా ఈద్‌కి మిఠాయి పంపుతున్నావు. తింటూనే ఉన్నాను. క్షమించలేదు. ఇప్పుడూ నావల్ల కాదు. టీ తాగు, చల్లారిపోతుంది." నా వైపు తిరిగింది. "ఆయన దాచాడు. నేనిక దాచను. అచ్చు వెయ్యండి."

పుస్తకం రెండు బాణాలతో వచ్చింది. ఆ వ్యాసం కింద ఒక వాక్యం ఉంది: మొదటి అచ్చులోని తప్పు టైపు చేసిన నజీబా త్రీకీది, రచయితది కాదు. అది ఆవిడే టైపు చేసుకుంది.

రిటైరయినా ఆవిడ ఇప్పటికీ రోజూ పొద్దున్నే లైబ్రరీకి వస్తుంది. తను టైపు చేసిన పాత గ్రంథాలు ఒక్కొక్కటీ దించి, చేతిప్రతులతో పోల్చి చూస్తుంది. రాసినవాళ్లు వేరే ఊళ్లో ఉంటే ఉత్తరాలు రాసి తెప్పించుకుంటుంది. చనిపోతే వాళ్ల ఇళ్లకి వెళుతుంది. సగానికి సగం చిక్కిపోయింది. వద్దని ఎంత చెప్పినా, "ఇంకేం తుడిచానో, సీ మురాద్" అంటుంది.

పోయిన నెల వరస నా పరిశోధన గ్రంథం దాకా వచ్చింది. నాకు ఉద్యోగం, పేరు, ఈ కుర్చీ అన్నీ ఇచ్చిన గ్రంథం అది.

"మీ చేతిప్రతి ఒకసారి ఇస్తారా?"

"ఇల్లు మారినప్పుడు పోయింది" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి వెళ్లిపోయింది.

పోలేదు. నా బీరువా పై అరలో తాడు కట్టి ఉంది. దానికీ అచ్చుకీ తేడా ఉంటే ఆవిడ మీద ఇంకో తప్పు పడుతుంది, నా పేరు ఆ తప్పు మీదే నిలబడిందని కూడా తేలొచ్చు. ఆవిడ కోసం అబద్ధమాడానో, నా కోసం ఆడానో తెలియదు. ఆ తాడు మాత్రం నేనింతవరకు విప్పలేదు.