కొట్టేసిన ఆరువందల పన్నెండు

పరిశోధనా సంస్థ రెండో అంతస్తులో ఆమెను ఎదురుగా మేడమ్ అంటారు, వెనక కణాలమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, పట్టించుకోదు. ముప్పయ్యేళ్ళుగా గులాబిరంగు ద్రవంలో, ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో కణాలను పెంచుతోంది. రోజు విడిచి రోజు ఆ ద్రవం మార్చాలి. ఆదివారాలు లేవు, చుట్టాల పెళ్ళిళ్ళు లేవు.

"నన్నెప్పుడైనా ఇంత కనిపెట్టుకుని చూశావా?" అని భర్త దెప్పుతాడు.

"మీరు కూడా ముప్పై ఏడు డిగ్రీల దగ్గర కుదురుగా కూర్చోండి, చూస్తాను" అంటుంది.

ఆమె రాసిన వ్యాసాలు ఇరవై మూడు. వాటిని ఇతర శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో ఉదహరించిన సార్లు, అంటే సైటేషన్లు, మొత్తం తొమ్మిదివందల నలభై. అందులో ఆరువందల పన్నెండు ఒక్క వ్యాసానివే. మూత్రపిండ కణాలు ఒక మందును ఎలా తట్టుకుంటాయో చెప్పిన వ్యాసం అది. ఆ కణాలు కావాలని అడిగినవాళ్ళందరికీ చిన్న సీసాల్లో పోసి ఇచ్చింది. ఎవరికి ఎప్పుడిచ్చిందో నోటుబుక్కులో రాసుకుంది.

ఈ ఏడు ఒక పత్రిక, కణాలకు జన్యుపరీక్ష చేయిస్తే తప్ప కొత్త వ్యాసం వేసుకోనంది. ఆమె గడ్డకట్టించి దాచిన పాత సీసా ఒకటి తీసి పంపింది. సీసా మీద ఆమె చేతిరాతలో 'మూత్రపిండం' అని ఉంది. లోపలున్నది మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెరిగే ఓ మొండి కేన్సర్ కణమని నివేదిక వచ్చింది. ఇంకో రెండు సీసాలు పంపినా అదే మాట.

పాత నోటుబుక్కులు తిరగేసింది. పదకొండేళ్ళ కిందటి ఒక మంగళవారం దగ్గర ఆగింది. "రెండో హుడ్ మరమ్మతులో ఉంది. రెండు రకాల కణాలూ ఒకే హుడ్ కింద చేశాను." హుడ్ అంటే కణాల మీద దుమ్మూ క్రిములూ పడకుండా వడగట్టిన గాలి వీచే అద్దాల పెట్టె. ఏ చుక్కతోనో ఒక్క కేన్సర్ కణం ఆ ఫ్లాస్కులోంచి ఈ ఫ్లాస్కులోకి వచ్చిపడింది. అద్దెకు దిగినవాడు ఇల్లే కాజేసినట్టు, రెండు నెలల్లో అసలు కణాలను తుడిచిపెట్టేసింది. వ్యాసంలోని ప్రయోగాలన్నీ ఆ తర్వాతవే.

శుక్రవారం ల్యాబ్‌ల సమీక్ష. ఆరువందల సైటేషన్లయినా లేని ల్యాబ్‌ను పక్కదాంట్లో కలిపేస్తారు. ఆమెకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. అయినా నేరుగా డైరెక్టర్ గదికి వెళ్ళి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది.

"ఇప్పుడు ఎవరడిగారు మేడమ్ మిమ్మల్ని?"

"ఎవరూ అడగలేదనే కదా సార్, పదకొండేళ్ళు నడిచింది."

"శుక్రవారం దాటనివ్వండి. తర్వాత చూద్దాం. పైగా మీ గురువుగారి పేరు కూడా ఉంది దాని మీద. పోయినాయన్ని ఇప్పుడు బజారుకీడుస్తారా?"

"సీసా మీద రాసింది కాదు, సీసాలో ఉన్నది చూడమని నేర్పింది ఆయనే. ఆరువందల పన్నెండు మంది నా మాట నమ్మి పని చేసుకుంటున్నారు. శుక్రవారం దాకా కూడా నమ్మనివ్వను."

భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. సాయంత్రం సంగతంతా విని ఎర్రకలం కింద పెట్టాడు.

"తీసేస్తే ఎంత మిగులుతుంది?"

"మూడువందల ఇరవై ఎనిమిది."

"ల్యాబ్ పోతుందేమో."

"పోతుంది. మీ పుస్తకం అచ్చయ్యాక తప్పు దొరికితే ఏం చేస్తారు?"

"తప్పొప్పుల పట్టిక వేస్తాం. ఒక్కడూ చదవడు."

"నాది చదువుతారు" అని ఆమె ఆ పాత వ్యాసం వేసిన పత్రికకు ఉత్తరం రాయడానికి కూర్చుంది.

శుక్రవారం కమిటీ అధ్యక్షురాలు వ్యాసాల జాబితా చూసి కళ్ళజోడు సర్దుకుంది. ఒక వరుస మీద అడ్డంగా గీత ఉంది.

"ఇది పొరపాటున కొట్టేశారా?"

"పొరపాటున రాశానండి. తెలిసే కొట్టేశాను."

కారణం విన్నాక అధ్యక్షురాలు అడిగింది, "ఈ కణాలు ఇంకెవరైనా తీసుకున్నారా?"

కణాలమ్మ నోటుబుక్కు తెరిచింది. "పధ్నాలుగు ల్యాబ్‌లు. అందరికీ నిన్ననే ఉత్తరాలు పంపాను. పదమూడు బయటివి."

"మరి పధ్నాలుగోది?"

ఆమె నోటుబుక్కు మూసేసింది. డైరెక్టర్ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తాగకుండానే కింద పెట్టాడు.

"నాది" అన్నాడు. "ఏడేళ్ళయింది. రెండు సీసాలు."

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. సైటేషన్లు చాలవు గనక ల్యాబ్‌ను కలిపేశారు. వరండా చివరి గదిలో ఒక హుడ్, ఒక ఇంక్యుబేటర్ ఆమెకు మిగిలాయి. సామానంతా మూడు విడతల్లో తనే మోసుకుంది. హుడ్ అద్దం మీద కాగితం అంటించింది: 'రెండు రకాల ఫ్లాస్కులు ఒకేసారి ఇక్కడ పెట్టినవాళ్ళు నాకు మొహం చూపించొద్దు.'

మర్నాడు పొద్దున డైరెక్టర్ ఐసుడబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు. లోపల రెండు సీసాలున్నాయి.

"పరీక్షకు పంపాలి మేడమ్. మీ దగ్గర తీసుకున్నదొకటి, మా సొంతదొకటి. అదీ అనుమానమే."

కణాలమ్మ సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు.

"ఒకటి అక్కడ పెట్టండి సార్. రెండోది పట్టుకుని బయట నిలబడండి. పిలుస్తాను."