తగ్గింపు గడి

మా తాత బతికున్నంతకాలం పెన్‌పహాడ్ దగ్గరి ఒక ఊరికి పటేల్. మా నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు పెట్టి, మిల్లును, ఊళ్లో భూమిని, చివరికి ఇంటిని వరుసగా పోగొట్టినవాడు. నేను సూర్యాపేటలో కిరాయి గదిలో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఈ మూడూ ముందే చెప్పేయడం మంచిది. ఎవరో తవ్వి తీసి జాలిపడడం కన్నా నేనే చెప్పానన్న తృప్తి అయినా మిగులుతుంది.

మిల్లు పోయిన ఏడాది అమ్మ దవాఖానలో పడింది. బంధువులెవరూ రాలేదు. మిల్లులో ఊడ్చి, చెరిగి, బస్తాలు కుట్టిన ఆడవాళ్లు వచ్చారు. మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసి, జావ తాగించి వెళ్లేవారు. అమ్మ దక్కలేదు. కాని ఆ ఆడవాళ్ల వెంట నేను చర్చికి వెళ్లడం మొదలుపెట్టాను. రెండేళ్లకు సాగర్ కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. సూర్యాపేటకు మారాక కూడా ప్రతి ఆదివారం బస్సెక్కి ఆ చర్చికే వెళ్లేవాణ్ణి. చదివినకొద్దీ ఒకటే కోరిక పట్టుకుంది. సెమినరీలో చేరాలి, హీబ్రూ, గ్రీకు నేర్చుకోవాలి, ఎం.డివ్. అనే పాస్టర్ల డిగ్రీ పూర్తి చేయాలి. మా ఇంటివాడు ఒకడు మళ్లీ పదిమంది ముందు నిలబడి మాట్లాడాలి. ఈ చివరి మాట దరఖాస్తులో రాయలేదు.

ఆ సెమినరీ నలభై నిండినవాళ్లను తీసుకోదు. నాకు ముప్పైతొమ్మిది నిండాయి. ఇదే ఆఖరి అవకాశం.

డిగ్రీ మార్కులు, బాప్తిస్మపు పత్రం వారంలో సిద్ధం చేశాను. దేవుడు నన్నెలా మార్చాడో చెప్పే సాక్ష్యం రాయడానికి మాత్రం నెల పట్టింది. మా చర్చిలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది: తాగేవాణ్ణి, పెండ్లాన్ని కొట్టేవాణ్ణి, దేవుడు నన్ను లేపాడు. నేను తాగలేదు, పెళ్లే చేసుకోలేదు. రెండు పేజీలకు మించకూడదన్నారు. 'మా కుటుంబం' అని మొదలుపెట్టి ఒకటిన్నర పేజీ రాసేసరికి దేవుడు రావడానికి అర పేజీ మిగిలింది.

ఇక మిగిలింది పాస్టరుగారి సిఫారసు. అది లేకుండా దరఖాస్తు ముట్టుకోరు. మా పాస్టరు తండ్రి మా తాత కొట్టంలో జీతం ఉన్నవాడు, అంటే పశువుల పనికి ఏడాది పొడుగునా కట్టుబడి ఉన్న పాలేరు. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఏడేళ్లలో ఇద్దరం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనుక ఉన్న ఆయన ఇంటికి వెళ్లి కాగితం ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బ్రదరూ, గీ ఇంగ్లీషంత నాతోని కాదు. సదువుకున్నోనివి, నువ్వే రాయి. నేను సంతకం పెడత."

రహస్యంగా నింపాలని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంది. అయినా మా వైపు ఈ కాగితాలు నిండేది ఇలాగే. నా గురించి నేనే రాసుకోవడానికి కూర్చున్నాను. ఒక్కో గుణానికి ఒక గడి. నిజాయితీ, చదువు, సేవ, ఆఖరున తగ్గింపు. వినయం అనే మాట మా చర్చిలో వాడరు, తగ్గింపు అంటారు. 'తగ్గింపు గల మనిషి' అంటే అంతకు మించిన పొగడ్త లేదు. ఊళ్లోవాళ్లు మా గురించి అనే మాట కూడా అదే: "పటేలోళ్లు తగ్గిపోయిండ్రు." అందుకే ఆ గడి దగ్గర నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. మేము తగ్గింది చాలదా అనుకుని నింపేశాను.

"ఏం రాసినవో తెలుగుల సదువు," అన్నాడు పాస్టరు.

ఆయన భార్య గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నేను చదివాను. "నిజాయితీ, అత్యుత్తమం. చదువు, అత్యుత్తమం. సేవ, ఉత్తమం."

"గదొక్కటి తక్కువేసుకున్నవేంది బాబూ?" అంది ఆమె.

"అన్నీ ఒకటే పెడితే నమ్మరమ్మా."

"బగ్గ తెలివున్నది."

"తగ్గింపు, అత్యుత్తమం. ఈయన అందరిలోనూ తనను ఆఖరివాడిగా ఎంచుకుంటాడు."

ఆమె ఒళ్లోని వెల్లుల్లి కింద పడేలా నవ్వింది. "ఏమనుకోకు బాబూ, ఆగలే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు నవ్వలేదు.

"ఒకటడుగుత బ్రదరూ. మా తాన్కి ఎన్నేండ్ల సంది వస్తున్నవ్?"

"ఏడేళ్లు."

"ఏడేండ్ల సంది నన్ను ఏమని పిలుస్తున్నవ్?"

నేను కాగితం అంచులు సర్దాను.

"సంఘమంత అయ్యగారూ అంటది. ముసలోళ్లు సుత అంటరు. నువ్వు దగ్గి మొదలువెడతవ్."

నిజమే. ఆయన ఎదురుపడితే 'ఒక మాట' అనేవాణ్ణి, లేదా దగ్గరికి వెళ్లి నేరుగా విషయంలోకి దిగేవాణ్ణి. పిలుపు అవసరం లేకుండా వాక్యాన్ని కట్టడం నాకు అలవాటైపోయింది. అది ఎవరూ గమనించలేదనుకున్నాను. మా ఇంట్లో అయ్యగారంటే పంచాంగం చెప్పడానికి వచ్చే బ్రాహ్మణుడు. కొట్టంలోని జీతగాడి కొడుకును ఆ మాటతో పిలవడానికి నాకు నోరు రాలేదు. రాలేదంతే.

ఆయన పెన్ను తీసుకుని నా వాక్యం కొట్టేసి, ఆ చిన్న గడిలో తెలుగులో ఏదో రాశాడు. సంతకం పెట్టి, కవరుకు గమ్ము అంటించి నా చేతికిచ్చాడు.

ఇంటర్వ్యూ కోదాడలో, ఒక చర్చి హాలులో. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన కవరు చింపి చదివి, కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"మార్కులు బాగున్నాయండీ. సాక్ష్యంలో మీ తాతగారు కాస్త ఎక్కువయ్యారు, ఫర్వాలేదు. ఇక్కడ మీ అయ్యగారు తెలుగులో ఏదో రాశారే, చదవండి."

చదివాను. "ఇంకా రాలేదు."

"ఏంటండీ రానిది?"

ఆయనకు కనబడుతూనే ఉంది. అయినా నా నోటితోనే అనిపించాలి. "తగ్గింపు," అన్నాను. పక్కాయన కాగితంలోకి తల దించి నవ్వుకున్నాడు.

"రాదు అనలేదు కదండీ, ఇంకా రాలేదన్నారు. ఆయన్ని కలవండి. శుక్రవారంలోపు ఇంకో ఉత్తరం రాసిస్తే స్కాన్ చేసి పంపండి. మీకు సీటిస్తాం."

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా ఆ మాటను లోలోపల అనుకుంటూ వెళ్లాను. నాలుగక్షరాలు. పిల్లలకు అంతకంటే కష్టమైన ఇంగ్లీషు మాటలు పలకడం నేర్పేవాణ్ణి. నేను వెళ్లేసరికి పాస్టరు చర్చి మెట్ల మీద కూర్చుని మైకు వైరుకు టేపు చుడుతున్నాడు.

"అయ్యగారూ, వందనాలు."

ఆయన టేపు చుట్టడం ఆపలేదు. "ఇది నాకా, కాగితానికా?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. "కాగితానికే," అన్నాను.

అప్పుడు తలెత్తాడు. "నిజం చెప్పినవ్. కూసో."

లోపలి నుంచి తెల్లకాగితం తెప్పించి, మోకాలి మీద పెట్టుకుని నిదానంగా రాశాడు. మధ్యలో ఒకసారి, "సిఫారసుకు ఏ 'స' పెట్టాలె?" అని అడిగాడు. చెప్పాను. ఈసారి కవరులో పెట్టలేదు. "దాచుడెందుకు, సదువుకో," అన్నాడు.

బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో నిలబడి చదివాను. 'ఈ సహోదరుని తాత ఇంట్లో మా నాయన జీతగాడు. ఆ ఇంట్లో ఆయనను పేరుతో పిలిచినవారు లేరు, ఒరే అనేవారు. ఈ సహోదరుడు ఈ రోజు నన్ను అయ్యగారూ అన్నాడు. ఎందుకన్నావు అంటే అబద్ధమాడలేదు. మిగతాది మీ దగ్గర నేర్చుకుంటాడు. చేర్చుకోమని నా సిఫారసు.'

మంచి ఉత్తరం. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అది పంపితే సీటు ఖాయం. పంపితే ఆ ముగ్గురూ చదువుతారు, సెమినరీ ఆఫీసులో ఫైలులో ఉంటుంది, నాకు పాఠం చెప్పే ప్రతివాడూ చూస్తాడు. భూమి కాగితాలు పరాయివాళ్ల పేర్ల మీదికి పోయాయి. ఇక మా తాత గురించి ఈ లోకంలో మిగిలే రాత ఇదొక్కటే అవుతుంది.

"అన్నా, స్కాన్ చెయ్యాల్నా వద్దా? ఎనక లైనున్నది," అన్నాడు షాపతను.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. శుక్రవారం వెళ్లిపోయింది. చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. సరైనదని చెప్పుకోవడానికి కూడా నాకెవరూ లేరు. మిర్యాలగూడ చర్చికి వెళ్లడం మానేశాను.

తర్వాతి వారం కోదాడ పెద్దాయన ఫోన్ చేసి, ఉత్తరం ఎందుకు పంపలేదని అడిగాడు.

"కుటుంబ కారణాలండీ."

"అయ్యో, ఇంట్లో ఎవరికి బాగాలేదండీ?"

"మా తాతకు," అన్నాను.

ప్రార్థన చేస్తామన్నాడు. చేయమన్నాను.