ఎడమ అంచు పైకి

మా అత్తమ్మ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. అందుకే, పదో తరగతి చదివే నా కూతురు భూపాలపల్లిలో బడి వార్షికోత్సవానికి జపాన్ గీషా వేషం కట్టి నాట్యం చేస్తానన్న రోజున, నేను ముందు అత్తమ్మ మొహమే చూశాను. పక్కింటామె అప్పటికే ఆమె చెవిలో ఊదిపోయింది.

"గీషా అంటే పైసలకు ఆడే ఆటదట. మన పిల్లకు ఆటదాని వేషమా? ఒద్దు," అంది అత్తమ్మ.

పిల్ల ఏడవలేదు, అలగలేదు. నాకు అదే ఎక్కువ బాధయింది. స్టేజీ అంటేనే వణికే పిల్ల, మొదటిసారి తనంతట తాను చెయ్యెత్తి అడిగింది. ఇప్పుడు వద్దంటే ఇక జన్మలో ఎత్తదు. నాకు ఒళ్లు మండింది. రేగొండలో సగం మందికి జాకెట్లు కుట్టేదాన్ని, నా ఇంట్లో నా మాట చెల్లకపోయినా మిషన్ చెల్లుతుంది కదా! పాత పట్టుచీర కోసి, ఎవరినీ అడక్కుండా కిమోనో అనే ఆ జపాన్ అంగీ కుట్టడం మొదలుపెట్టాను.

అత్తమ్మ చూసింది. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పిల్ల వెళ్లి ఆమె పక్కన చేరింది.

"నానమ్మా, జపాన్ల గెయ్ అంటే కళనట, షా అంటే మనిషట. ఆట, పాట, తీగెల వాద్యం, చాయ ఎట్ల పొయ్యాలె, పెద్దోళ్లతోటి ఎట్ల మాట్లాడాలె, అన్నీ ఏండ్లకేండ్లు నేర్చుకుంటరు. విందుకు వచ్చినోళ్లను సంతోషపెట్టుడు వాళ్ల పని. నేర్పేటామెను అక్క అంటరు, ఇల్లు నడిపే పెద్దామెను అమ్మ అంటరు."

"అమ్మ అంటరా?" అత్తమ్మ చేతులు ఆగాయి. ఒలిచిన కాయ గిన్నెలో వేస్తూ తనే అంది: "మా జనగామ దిక్కు పెండ్లిండ్లల్ల ఒకామె ఆడేది. మస్తు పాడేది. అందరు చూసెటోళ్లే. దూపయితే మాత్రం మా అవ్వ దోసిట్ల నీళ్లు పోసేది, మూతి తగిలితే మైలని చెంబు ఇయ్యకపోయేది."

అంతే. సరేనని మాత్రం అనలేదు.

కుట్టడం అయ్యాక పిల్లకు తొడిగాను. జాకెట్టు అలవాటు కొద్దీ కుడి భాగం పైకి వచ్చేలా కుట్టి హుక్కులు పెట్టేశాను. పిల్ల ఫోన్లో బొమ్మ చూసి నవ్వింది.

"అమ్మా, గిట్ల కుడిది మీదికొస్తే జపాన్ల పీనుగకు కట్టినట్టట. ఎడమది మీదికి రావాలె."

"మన దగ్గర ఎవరికి తెలుస్తదే," అని నేను కొట్టిపారేశాను.

అత్తమ్మ చిక్కుళ్ల గిన్నె పక్కకు తోసి లేచింది. "పీనుగ బట్టనా నా మనుమరాలికి? ఇప్పు. కత్తెర ఇటియ్యి." కళ్లజోడు సర్దుకుని కుట్లన్నీ తనే విప్పింది. విప్పుతూ విప్పుతూ, "ఆడేటప్పుడు కాళ్లకు తట్టకుండ అంచు జర మీదికి మడువు," అంది. అది ఒప్పుకోవడమేనని నా మట్టిబుర్రకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక మిషన్ మీద వంగి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వుకున్నాను.

వార్షికోత్సవానికి మహబూబాబాద్ నుంచి మా ఆడబిడ్డ కూడా వచ్చింది. విసనకర్ర పట్టుకుని పిల్ల స్టేజీ మీదికి రాగానే, "గిదేం వేషమే అమ్మా, ఆటదానిదా?" అని తల్లి చెవిలో గొణిగింది.

"ఆటది కాదు. ఆట నేర్చిన మనిషి," అంది అత్తమ్మ, స్టేజీ మీది నుంచి చూపు తిప్పకుండా.

పిల్ల ఒక్క అడుగూ తడబడలేదు. దిగి, రొప్పుతూ మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇంటి నుంచి మోసుకొచ్చిన తన నీళ్ల చెంబును అత్తమ్మ అందించింది. పిల్ల చెంబెత్తి పైనుంచి నోట్లో పోసుకోబోతే ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూతి వెట్టి తాగు బిడ్డా."