మూడో రౌండులో ఆగిపోయే కారు

మా నాయిన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు ఫిట్టరుగా చేశాడు. మిషన్ జబ్బు కనిపెట్టడానికి ఆయనకో పద్ధతి ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను తిరుగుతున్న మోటారుకు ఆనించి, కట్టె పిడిని చెవికి పెట్టుకునేవాడు. కళ్లు మూసుకుని కాసేపు విని, ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఆయన చెప్పేదాకా ఇంజినీర్లు కూడా మూత విప్పేవారు కాదట.

మాదాపూర్‌లో రాళ్లు పేల్చి గాజు మేడలు కడుతున్న రోజుల్లో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. సరిగ్గా అప్పుడే నేను కంప్యూటర్ కోర్సు ముగించి, ఆ మేడల్లో ఒకదాంట్లో చిన్న ఉద్యోగంలో చేరాను. నెత్తి మీద కొమ్ములు మొలిచాయి నాకు. విడిభాగాలు తెచ్చి ఇంట్లో కూడా ఒక కంప్యూటర్ బిగించాను. డబ్బా పైన ఒక స్క్రూ పెట్టక సందు మిగిలిపోయింది. ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

ఏటా దసరాకు నాయిన ఫ్యాక్టరీలో తన మిషన్‌కు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి వచ్చేవాడు. ఆ ఏడు పూజ చేయడానికి ఆయనకు మిషన్ లేదు. పొద్దున్నే స్నానం చేసి నా కంప్యూటర్ డబ్బాకు కుంకుమ పెట్టాడు, దండ వేశాడు, దాని ముందు తన స్క్రూడ్రైవర్ ఉంచి దండం పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. ఆ దండ అక్కడే వారం రోజులు ఎండింది.

పండగ తర్వాత మా ఆఫీసు మేడలో జనరేటర్లు, ఏసీలు చూసుకునే మనిషి కావాలన్నారు. నేనే నాయిన పేరు చెప్పాను. వచ్చే సోమవారం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. అక్కడ కొంత పని కంప్యూటర్ తెర మీద కూడా ఉంటుందన్నారు. చేయి అలవాటు పడాలని నాయినకు కారు పందెం ఆట ఒకటి వేసిచ్చాను. మూడు రౌండ్లు తిరిగితే గెలుపు. యాభై ఏళ్ల మనిషి, ఇంజను చప్పుడు వింటూ చిన్న పిల్లాడిలా ముందుకు వంగి కూర్చునేవాడు.

కానీ మూడో రౌండు దాటేది కాదు. దిబ్బ మీంచి ఎగిరిన కారు గాల్లో ఉండగానే తెర మొత్తం బిగుసుకుపోయేది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

"ఏందిరా, మల్ల ఆగింది?"

"నువ్వు గట్టిగ గుద్దుతున్నవ్ నాయినా. కీబోర్డు అది, సుత్తె కాదు."

మర్నాటి నుంచి వేళ్ల కొసలతో నొక్కాడు. అయినా ఆగింది. నేను వైరస్ వెతికాను. సీడీ తుడిచి ఆట మళ్లీ ఎక్కించాను. విండోస్ మొత్తం చెరిపేసి కొత్తగా వేశాను. ప్రతిసారీ ఆయన చాయ్ పట్టుకుని నా వెనకే నిలబడేవాడు. ప్రతిసారీ మూడో రౌండు ముగియకముందే కారు ఆగేది.

నాలుగో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, నాయిన స్క్రూడ్రైవర్ మొనను కంప్యూటర్ డబ్బాకు ఆనించి పిడి చెవికి పెట్టుకుని ఉన్నాడు.

"గరం అయితుందిరా. చెయ్యి పెట్టి చూడు. లోపట తిరిగేదేదో తిరుగుతలేదు. పొద్దుగాల జర సేపు నడుస్తుంది, ఎండ ముదిరితే జల్ది ఆగుతుంది."

నాకు తిక్క రేగింది. రోజంతా ఆఫీసులో నా పైవాళ్లు నాకు బుద్ధి చెబుతుంటే పడేవాణ్ని. ఇంటికొస్తే ఈయనా?

"ఇది మోటారు కాదు నాయినా! నీకు తెల్వనిదాంట్ల చెయ్యి పెట్టకు."

ఆయన స్క్రూడ్రైవర్ తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

శనివారం ఆయన ఇంటర్వ్యూ కోసం క్షవరానికి వెళ్లాడు. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు నేను డబ్బా పక్క రేకు విప్పాను. చిప్ మీద, దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది తిరగడం లేదు. దాని ఇరుసుకు ఎండిన బంతిపూల రేకులు చుట్టుకుని బిగిసిపోయాయి. నేను వదిలేసిన సందులోంచి పడ్డాయి. పిన్నీసుతో ఒక్కొక్కటే లాగి పారేశాను. ఫ్యాన్ తిరిగింది. ఆట మూడు రౌండ్లూ ఆడింది.

నాయిన సబ్బు వాసనతో వచ్చాడు.

"అయ్యిందారా? ఏమైండె?"

ఫ్యానే నాయినా, నువ్వు చెప్పిందే, అంటే అయిపోయేది. పూల సంగతి తెలిస్తే బాధపడతాడని నాకు నేను చెప్పుకున్నాను. అదంతా ఉత్తది. ఆయన గెలవడం నాకిష్టం లేదు.

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం. సరిచేసిన."

"గరం కాదా?"

"కాదు."

తన అరచెయ్యి వంక ఒకసారి చూసుకున్నాడు. కూర్చుని పందెం ఆడాడు, గెలిచాడు. వెంటనే ఆట మూసి లేచిపోయాడు.

సోమవారం నాడు అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా కొక్కేనికే ఉండిపోయింది. "ఆడ అన్ని గీ డబ్బాలే ఉంటయ్ బిడ్డా. నా చెయ్యికి గివి సమజైతలేవు. నీ పరువు పోతది," అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. టైమైందని బస్సెక్కి వెళ్లిపోయాను.

ఆయన మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఎండాకాలంలో ఓసారి వెళ్తే, అక్కడి బోరు మోటారు కాలిపోయి జనం బిందెలతో నిలబడి ఉన్నారు.

"నీకు ముందుగాల తెల్వలేదా నాయినా?" అన్నాను.

"వారం నుంచి వినవడుతనే ఉంది. బేరింగు పోతుందనిపించింది. కానీ నాకు వినవడ్డదల్ల నిజం కాదు గదరా. ఎవలకు చెప్పాలె?"

నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు.

ఆ వానాకాలంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. దవాఖానలో మూడో రోజు పొద్దున మంచం పక్కన నేనొక్కణ్నే ఉన్నాను. కళ్లు మూసుకుని ఉన్నాడు. చెవి దగ్గరికి వంగి మొత్తం చెప్పాను. ఫ్యాన్ ఆగిందని, గరం నిజమేనని, డబ్బా సందు నా తప్పేనని, ఆయన చెయ్యి ఎన్నడూ తప్పు చెప్పలేదని. చెప్పడం అయ్యాక ఆ చెయ్యి పట్టుకున్నాను.

అప్పటికే చల్లబడిపోయింది.